వాన వెలిసిన తరువాత – అడవి పుట్టగొడుగుల గుర్తింపు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏడూ చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి పెద్దలు మాట్లాడుతూ ఉంటారు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మాస్టరు సాబ్, మీరు ఆదివారాలు పిల్లలను వెంటబెట్టుకొని కొండల వెంట తిరుగుతారు గదా, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. సరే అన్నాము. అయితే నాలుగు ముక్కలలో మూడు మంచి ముక్కలు, ఒకటి మా తప్పు. ఆ తప్పుతోనే మొదలుపెడతాము, ఎందుకంటే అది మన ఇళ్ళలో ఎవరికైనా జరగవచ్చు.

ఒక వానాకాలం ఆదివారము ఇరవైమంది పిల్లలతో కంబాలకొండ వైపు వెళ్ళాము. రెండు రోజులు వాన పడి వెలిసింది. నేల మెత్తగా ఉంది. దారి పక్కన ఒక చెదపుట్ట దగ్గర తెల్లని గొడుగులు గుంపుగా లేచి ఉన్నాయి. పిల్లలు ఎగిరి గంతేశారు. మేము ఉపాధ్యాయుని హుషారుతో ఆగి, "చూడండి, ఇవే పుట్టగొడుగులు. పుట్ట మీద లేస్తాయి కాబట్టి ఆ పేరు. ఏజెన్సీలో వీటిని కూర వండుకుంటారు" అని చెప్పాము. కోయనివ్వలేదు. అంతవరకు బాగానే ఉంది. ఇంటికి వచ్చాము.

నాలుగో రోజున ఏడవ తరగతి పిల్లవాడు ఒకడు తమ కాలనీ ఆటస్థలంలో గడ్డి మీద లేచిన తెల్లని గొడుగులను చొక్కా నిండా ఏరుకొని ఇంటికి తీసుకువెళ్ళాడు. వాళ్ళ దాదీ విజయనగరం దగ్గర పల్లెలో పెరిగిన మనిషి. చిన్నప్పుడు తిన్నదే గదా అనుకొన్నది. అయినా జాగ్రత్తకోసమని వెండి ఉంగరం కూరలో వేసి చూసింది. ఉంగరం నల్లబడలేదు. మగ్రిబ్ తరువాత నలుగురూ తిన్నారు. ఇషా నమాజుకు లేచేసరికి మొదట పిల్లవాడికి, వెంటనే మిగతావారికి వాంతులు, విరేచనాలు పట్టుకొన్నాయి. రాత్రికి రాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. సెలైన్లు పెట్టారు. అల్లా దయవలన నలుగురూ మూడవరోజుకు ఇంటికి వచ్చారు.

మేము చూడబోయినప్పుడు ఆ పిల్లవాడు తల దించుకొని అన్న మాట ఇది: "సార్, మీరు చెప్పినట్టే ఉన్నాయి గదా. తెల్లగా, గొడుగులాగ, వాన పడ్డాక." మాకు జవాబు రాలేదు. మేము ఆ రోజు చెప్పినది సగం మాట. ఏది తింటారో చెప్పాము గాని, దేనితో పొరపడతారో చెప్పలేదు. మిగిలిన ఆ సగం చెప్పటానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాము.

వాళ్ళ చెత్తబుట్టలో పారేసిన గొడుగు ఒకటి అడిగి తెచ్చుకొన్నాము. కాడ కోసి, గొడుగు భాగాన్ని కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి ఉంచాము. తెల్లవారి తీసి చూస్తే కాగితం మీద పచ్చని పొడి గీతలు గీతలుగా పడి ఉంది. ఆ పచ్చదనమే మొత్తం సంగతి చెప్పింది. ఎలా చెప్పిందో వినండి.

ముందుగా పుట్టగొడుగు అంటే ఏమిటి? పిల్లలను అడిగితే మొక్క అంటారు. అది మొక్క కాదు, జంతువు కాదు. మా తరగతిలో నబాతాత్ ఒక పక్క, హైవానాత్ ఒక పక్క రాసి, మధ్యలో దీనిని వేరుగా రాస్తాము. 1969లో అమెరికా శాస్త్రజ్ఞుడు విట్టేకర్ జీవరాశిని ఐదు రాజ్యాలుగా విభజించి, శిలీంధ్రాలకు ఒక రాజ్యం విడిగా ఇచ్చాడు. దీనికి ఆకుపచ్చదనము లేదు, ఎండతో ఆహారం తయారు చేసుకోలేదు. నేలలోనో, కుళ్ళిన కొయ్యలోనో, పేడలోనో సన్నని బూజు దారాలుగా ఏడాది పొడుగునా ఉంటుంది. మనకు కనిపించే గొడుగు దాని పండు మాత్రమే. మామిడిచెట్టు భూమిలో దాగి ఉండి, పండు ఒక్కటి పైకి వచ్చినట్టు అనుకోండి. ఆ పండులో విత్తనాలకు బదులు సిద్ధబీజాలు ఉంటాయి. కంటికి ఆనని సన్నపొడి అది. దాని రంగు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తీరు.

ఇప్పుడు గుర్తించే పద్ధతి. పిల్లలు పుస్తకంలో రాసుకోండి.

మొదటిది, ఎక్కడ లేచింది? పుట్ట మీదనా, గడ్డిలోనా, పేడ మీదనా, కొయ్య మీదనా, చెట్టు మొదట్లోనా? ఏ చెట్టు? రెండవది గొడుగు. పైన నున్నగా ఉందా, పొలుసులున్నాయా, నడుమ మొన ఉందా? మూడవది, గొడుగు కింద మడతలు మడతలుగా ఉండే రేకులు. అవి ఏ రంగు? లేతదానిలో ఒక రంగు, ముదిరినదానిలో ఒక రంగు ఉండవచ్చు, రెండూ చూడాలి. నాలుగవది కాడ. దాని మీద ఉంగరంలాంటి పొర ఉందా? ఐదవది, అందరూ మరచేది – కాడ మొదలు. గొడుగును మధ్యకు విరిచి తెస్తే సగం సాక్ష్యం నేలలోనే పోయినట్టు. చుట్టూ మట్టి తవ్వి చూడాలి. మొదట్లో సంచిలాంటిది ఉందా, ఉల్లిగడ్డలాగ ఉబ్బి ఉందా, వేరులాగ కిందికి సాగి ఉందా? ఆరవది సిద్ధబీజాల పొడి. సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద రాత్రంతా బోర్లించి ఉంచితే తెల్లని పొడి నలుపు మీద, రంగుపొడి తెలుపు మీద తెలుస్తుంది. చేతితో తాకినంత మాత్రాన విషం ఎక్కదు, భయపడకండి. తరువాత చేతులు కడుక్కొంటే చాలు.

ఈ ఆరింటితో మూడు రకాలు పోల్చి చూద్దాము.

ఒకటి, అసలైన పుట్టగొడుగు. శాస్త్రంలో టెర్మిటోమైసిస్ అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే హేమ్ 1942లో పెట్టిన పేరు. దీని కథ విచిత్రమైనది. చెదపురుగులు పుట్ట లోపల ఆకుముక్కలు, కొయ్యపొడి నమిలి తేనెపట్టులాంటి దిమ్మ కట్టి, దానిమీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకొంటాయి. అది వాటి వ్యవసాయము. వానలకు ఆ తోటనుండి గొడుగు పైకి లేస్తుంది. అందుకే దీని కాడ కిందికి పొడవాటి వేరులాగ సాగి పుట్ట లోపలిదాకా పోతుంది. గొడుగు నడుమ గట్టిగా, మొనదేరి ఉంటుంది, మట్టిని చీల్చుకొని రావాలి గదా. దీని పొడి లేత గులాబిరంగు. చెదలు లేకుండా ఇది బతకదు కాబట్టే బజారులో దీనిని పెంచి అమ్మేవారు లేరు. అరకు, పాడేరు వైపు సంతలలో వానాకాలం ఆడవాళ్ళు ఆకుల్లో పెట్టి అమ్ముతారే, వాటిలో ఎక్కువ మెప్పు పొందేది ఇదే.

రెండు, మన పిల్లవాడు తెచ్చినది. క్లోరోఫిల్లమ్ అనే జాతిలోనిది. ఇది వానల తరువాత పచ్చికలో, తోటలలో, ఆటస్థలాలలో, ఎరువు వేసిన నేలలో లేస్తుంది. పెద్ద గొడుగు, తెలుపు మీద గోధుమరంగు పొలుసులు, కాడకు అటూ ఇటూ కదిలే ఉంగరం, మొదలు కొంచెం ఉబ్బు. చూడముచ్చటగా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరితే పచ్చబారుతాయి. పొడి పచ్చన. ఉష్ణదేశాలలో పుట్టగొడుగు తిని ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది తిన్నది దీనినే. తిన్న ఒకటి రెండు గంటల నుండి మూడు గంటలలోపు కడుపులో తిప్పుతుంది. పెద్దలు సాధారణంగా తేరుకొంటారు, కాని పసిపిల్లలకు, ముసలివారికి ఒంట్లో నీరంతా పోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత మన విశాఖలో భయపడవలసినది కొండమీది అడవికి మాత్రమే కాదు. పోర్టు క్వార్టర్లలోను, ఉక్కునగరంలోను, మన కాలనీలలోను ఇంటి ముందున్న పచ్చికకు కూడా.

మూడు, అన్నిటికంటె చెడ్డది, అమానిటా జాతిలోని కొన్ని. ఈ జాతిలో తినేవి కూడా ఉన్నవి, చంపేవి కూడా ఉన్నవి. చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకొని పెరుగుతాయి. కాడ మొదట్లో సంచి, చాలావాటికి కాడ మీద ఉంగరం, తెల్లని రేకులు, తెల్లని పొడి. లేతగా ఉన్నప్పుడు ఇది కోడిగుడ్డులాగ ఉంటుంది. మనవాళ్ళు వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగు కూడా లేతగా గుడ్డులాగే ఉంటుంది, దానికీ సంచి ఉంటుంది. పొడి మాత్రం గులాబిరంగు. అయితే గుడ్డు దశలో పొడి రాలదు. ఇక ఎలా పోల్చుతారు? పోల్చలేరు. కాబట్టి అడవిలో దొరికిన గుడ్డును వండవద్దు, అంతే.

ఈ మూడవదాని విషం మోసపు విషం. తిన్నాక ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువసేపు ఏమీ ఉండదు. తరువాత వాంతులు, విరేచనాలు. మరునాటికో ఎల్లుండికో తగ్గినట్టు అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు షుక్ర్ చెప్పుకొంటారు. లోపల కాలేయము చెడిపోతూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకు కళ్ళు పచ్చబడి మనిషి చేయి దాటిపోతాడు. ఉడికించినా, ఎండబెట్టినా, వేయించినా ఈ విషం పోదు. బతికి బయటపడినవారు రుచి బాగుందనే చెప్పారట. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవారు. వాళ్ళు పుట్టగొడుగులు ఎరగనివాళ్ళు కారు, ఏటేటా ఏరుకొని తినేవాళ్ళే.

ఇక మన ఇళ్ళలోని పరీక్షలు. వెండి నల్లబడుతుందంటారు. వెల్లుల్లి, ఉల్లిపాయ రంగు మారుతుందంటారు. పాలు విరుగుతాయంటారు. పురుగు తిన్నది, మేక మేసినది మనకూ మంచిదంటారు. తెల్లనిది మంచిది, రంగుది విషం అంటారు. చింతపండు వేసి ఉడికిస్తే విషం పోతుందంటారు. తల్లులారా, వీటిలో ఒక్కటి కూడా నిజం కాదు. పురుగు శరీరము వేరు, మన శరీరము వేరు. అమానిటాలో అందరికంటె ప్రాణాంతకమైనవి కొన్ని మల్లెపూవులాగ తెల్లగా ఉంటాయి. వెండి ఉంగరం ఏమి చెప్పిందో ఆ దాదీని అడగండి.

ఆమె మాట ఒకటి చెప్పాలి. మేము తప్పు ఒప్పుకోబోతే ఆమె ఆపి ఇలా అన్నది: "మాస్టరు సాబ్, పిల్లవాడి తప్పు కాదు, మీ తప్పు కూడా కాదు. మా పల్లెలో మా అమ్మ ఫలానా గట్టు మీద పుట్టలో లేచినదే కోసేది. ఆ గట్టు మాకు తెలుసు. ఇక్కడ గట్టూ లేదు, పుట్టా లేదు, నేనే మరచిపోయాను." చదువుకోని ఆ తల్లి అసలు పాఠం చెప్పింది. అరకు వైపు ఒక సంతలో మేము ఒక ఆడమనిషిని, "ఇది మంచిదని నీకెలా తెలుసమ్మా?" అని అడిగితే, ఆమె కూడా ఇంచుమించు ఇదే చెప్పింది: "ఏ చోట లేచిందో ఎరగనిది మేం కొయ్యం బాబూ." ఆ జ్ఞానం పుట్టగొడుగుదే కాదు, ఆ చోటుది కూడా. చోటు మారితే పాత జ్ఞానం మన వెంట వచ్చినట్టే ఉంటుంది గాని, పనికి రాదు.

ఇది పెద్ద దేశాలలో కూడా జరిగినదే. 2015లో సిరియా మొదలైన దేశాలనుండి జర్మనీకి శరణు కోరి వచ్చినవారు కొందరు అక్కడి అడవులలో పుట్టగొడుగులు ఏరుకొని తిన్నారు. తమ దేశంలో తినేదానిలాగే ఉందని నమ్మారు. అది డెత్ క్యాప్ అనే అమానిటా. ప్రాణాలు పోయాయి. హానోవర్ వైద్య విశ్వవిద్యాలయము వారు అరబీతో సహా అనేక భాషలలో హెచ్చరిక పోస్టర్లు వేయించారు. మన ఊరు కూడా వలస వచ్చినవారి ఊరే. 1933లో రేవు తెరిచిన నాటినుండి, 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడిన నాటినుండి ఎక్కడెక్కడివారో బతుకుతెరువుకు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఈ సభలోనే శ్రీకాకుళంనుండి వచ్చినవారు, ఒడిశానుండి వచ్చినవారు, బీహారునుండి వచ్చినవారు ఉన్నారు. ప్రతి ఇంట్లో ఒక పల్లె జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకాన్ని గౌరవిద్దాము, కాని దానిని నమ్మి పొయ్యి మీద పెట్టవద్దు.

పెద్దలలో ఎవరికైనా సందేహం రావచ్చు – పుట్టగొడుగు గురించి హదీసు ఉన్నది గదా, అది మేలు చేసేదని చెప్పారు గదా అని. ఉన్నది. సహీహ్ బుఖారీలోను, సహీహ్ ముస్లింలోను ఉన్నది. కాని అక్కడి అరబీ మాట "కమ్అ". ఉర్దూ తర్జుమాలలో దానిని ఖుంబీ అని రాయటంవలన మనము ప్రతి గొడుగునూ అదే అనుకొంటున్నాము. కమ్అ గొడుగు కానే కాదు. ఎడారి నేలలో వానల తరువాత భూమి లోపల బంగాళాదుంపలాగ ఊరేది. గల్ఫులో పనిచేసి వచ్చిన మన సోదరులకు తెలుసు, అక్కడ ఫగ్గా అని బజారులో అమ్ముతారు. దానికీ మన గడ్డిలో లేచినదానికీ సంబంధము లేదు. ఆ హదీసు పేరు చెప్పి ఏ పుట్టగొడుగు రసమో కంటిలో పిండవద్దు. పుట్టగొడుగు హలాలే, హాని చేయనిదైతే. తెలియనిదాన్ని తెలిసినవారిని అడగమని మన దీన్ చెబుతున్నది. ఆ ఆజ్ఞ వంటింటికి కూడా వర్తిస్తుంది.

ఎవరైనా పొరపాటున తిన్నారనుకోండి. అప్పుడు చేయవలసినది: ఇంటి వైద్యాలతో కాలం గడపవద్దు. 108కి ఫోను చేయండి, పెద్దాసుపత్రికి పోండి. తిన్నవాళ్ళందరూ పోవాలి, బాగానే ఉన్నవారు కూడా. మిగిలిన పచ్చి గొడుగు ఉంటే మొదలుతో సహా కాగితంలో చుట్టి తీసుకుపోండి, కూర మిగిలితే అదీ తీసుకుపోండి. ఎన్ని గంటలకు తిన్నారో, ఎన్ని గంటలకు వాంతి మొదలైందో చెప్పండి. డాక్టరుకు ఆ లెక్క చాలా ముఖ్యము. ఆరు గంటల తరువాత మొదలైతే మరీ ప్రమాదమని గుర్తు. మధ్యలో తగ్గినా ఇంటికి తెచ్చుకోవద్దు, డాక్టరు పంపితేనే రండి.

ఇంత విన్నాక తల్లులు మా మీద కోపగించి, పిల్లలను కొండలకు పంపటం మానేస్తారేమో. మానవద్దు. పిల్లలు చూడాలి. కంబాలకొండలో సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి మన ఊరి పక్కనే ఉండటము అదృష్టము. 2002లో దానిని అభయారణ్యముగా ప్రకటించారు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారము అక్కడనుండి అనుమతి లేకుండా దేనినీ కోసి తేరాదు, పుట్టగొడుగు కూడా. చూడటానికి అడ్డులేదు. దర్గా కొండ ఎక్కేటప్పుడు కూడా వానాకాలం మెట్ల పక్కన, పాత కొయ్యల మీద చూడండి, విసనకర్రల్లాంటివి, చెవుల్లాంటివి ఎన్ని రకాలో. బొమ్మ గీయండి, ఫోటో తీయండి, చోటు, తేదీ, చెట్టు పేరు రాయండి. అయితే ఫోటో చూసి ఫోను పేరు చెప్పిందని తినవద్దు. ఫోటోలో కాడ మొదలు ఉండదు, పొడి రంగు ఉండదు.

తినాలని ఉంటే పెంచినవి తినండి. పాల పుట్టగొడుగు మన కోస్తా వేడికి బాగా వస్తుంది. ఢింగ్రీ అనే ముత్యపుచిప్ప రకం చలికాలంలో వరిగడ్డి మీదే వస్తుంది. నమ్మకమైన చోట విత్తనం తెచ్చి మన ఆడపడుచులు ఇంటి మూలలో పెంచుకోవచ్చు. సంఘం తరఫున శిక్షణ ఏర్పాటు చేయమని కార్యవర్గానికి మనవి చేస్తున్నాము.

ఆ పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదవ తరగతి. మా నడకలకు మానకుండా వస్తున్నాడు. అతనికి మేమొక పని అప్పగించాము – కొత్త పిల్లలు ఎవరైనా గొడుగు చూసి, "సార్, ఇది తినవచ్చునా?" అని అడిగితే జవాబు అతనే చెప్పాలి. మొన్నటి ఆదివారము ఒక చిన్నవాడు అడిగాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, కాడ మొదట్లో మట్టి వేలితో తీసి చూపించి, మొదలు, ఉంగరం, రేకులు అన్నీ చెప్పి, చివరకు "ఇది ఏదో నాకు తెలియదురా, కాబట్టి మనం చూసి వెళ్ళిపోదాం" అన్నాడు. మేము చెప్పలేకపోయిన సగం మాట అతను చెప్పాడు.

తెలియదు అనటానికి మన పిల్లలు సిగ్గుపడకుండా పెరగాలని దుఆ చేస్తున్నాము.